తాళంచెవి ఇచ్చారు, సరే!

మా ఇంట్లో ప్రెషర్ కుక్కరుకి గాస్కెట్టు ఎప్పుడు మార్చాలో మా వారికి తెలీదు. 45 ఏళ్ళ కాపురంలో ఒక్కసారైనా తెలుసుకోవాలని ఆయనకి బుద్ధి పుట్టలేదు. నేనేమీ తప్పు పట్టడం లేదు. కుక్కరు పెట్టేది ఆయన కాదు కదా! పెట్టేదాన్ని నేను. వెయిటు సరిగ్గా కూచుందా, ఆవిరి పక్కలమ్మట పోతోందా, సేఫ్టీ వాల్వు మార్చే రోజులొచ్చాయా అన్నది వసారాలో కూచుని బియ్యం ఏరుకుంటూ కూడా చెప్పగలను. చప్పుడే చెప్తుంది. పేలిపోయే వస్తువుతో రోజూ పనిచేసే మనిషికి దాని గుట్టుమట్లు తెలిసుండాలన్నది మన ఇళ్ళల్లో ఎవరూ కాదనని మాట.

మరి అదే మనిషి వంటింట్లోంచి బయటికొచ్చి, చెప్పులేసుకుని, స్కూటరు తాళం అందుకునేసరికి ఈ మాట ఏ గంగలో కలుస్తోందండీ?

పొద్దున్న ఎనిమిదిన్నరకి మా వీధి మొగలో నిలబడి చూడండి. మాది విజయవాడ, సత్యనారాయణపురం. గేర్లు లేని స్కూటర్లమీద పోయేవాళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళో లెక్కపెట్టలేరు. ముందు పిల్లాడు, కాళ్ళదగ్గర వాడి పుస్తకాల సంచీ, హుక్కుకి అన్నం క్యారియరు. పిల్లాణ్ణి బడిలో దింపి, ఆఫీసుకి పోయి, సాయంత్రం రైతుబజారు మీదుగా ఇల్లు చేరతారు. బండితో సుఖమూ వాళ్ళదే, కష్టమూ వాళ్ళదే. అలాంటి ఇల్లాల్ని ఒకర్ని ఆపి, "ఏమ్మా, నీ బండి టైరులో గాలి ఎంతుండాలి?" అని అడగండి. "ఏమోనండీ, అవన్నీ ఆయన చూసుకుంటారు" అంటుంది. నవ్వుతూ అంటుంది. కొందరు కాస్త గర్వంగా కూడా అంటారు, చూసుకునే మొగుడున్నాడని.

ఆ నవ్వంటే నాకు ఒళ్ళుమంట. ఆ "ఆయన" అంటే ఇంకా మంట.

ఎందుకింత మంట అంటే, కిందటేడు ఆశ్వయుజంలో మా కోడలు బండిమీంచి పడింది. నాలుగు రోజులుగా ఎండ కాసి, ఆ మధ్యాహ్నం చిన్న తుంపర పడింది. రోడ్డు తడిసీ తడవనట్టుంది. ఒకటో తరగతి చదివే మా మనవణ్ణి ముందు నిలబెట్టుకుని బడినించి తీసుకొస్తోంది. మలుపు తిరుగుతుండగా ముందున్న ఆటో చటుక్కున ఆగింది. ఈ పిల్ల బ్రేకు పట్టింది. వెనక చక్రం సర్రున పక్కకి జారింది. అంతే. పోతున్నది మహా అయితే ఇరవై స్పీడు. అయినా ఎడమచెయ్యి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. పిల్లాడి గడ్డం హ్యాండిలుకి కొట్టుకుని రెండు కుట్లు పడ్డాయి.

ఆసుపత్రినించి ఇంటికొచ్చేసరికి చుట్టాలందరూ హాజరు. మా మరిది కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, "చూశావా వదినా! నే మొదట్నించీ చెప్తూనే ఉన్నా. ఆడవాళ్ళకి బండిమీద కంట్రోలుండదు" అన్నాడు. మా వారు తలూపారు. మా అబ్బాయి, "ఎన్నిసార్లు చెప్పానమ్మా, నెమ్మదిగా వెళ్ళమని" అని నాకు ఫిర్యాదు చేశాడు, పెళ్ళాం ఎదురుగానే. ఆ పిల్ల కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, తప్పంతా తనదే అన్నట్టు తల వంచుకుంది. పిల్లాడి గడ్డం చూసినప్పుడల్లా దాని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

మర్నాడు బండిని మా వీధి చివర మెకానిక్కు దగ్గరికి నేనే తోయించుకెళ్ళాను. అతను బల్ల మీంచి లేచి, వంగి, వెనక టైరుమీద ఒకసారి అరచెయ్యి రాశాడు. "అమ్మా, ఇది గుండైపోయి ఎన్నాళ్ళయిందో! దీంతో వానలో ఎట్టా తిరుగుతున్నారు?" అన్నాడు. ముందు బ్రేకు లీవరు నొక్కి చూపించాడు. అది పట్టీ దాకా పోయి ఆనింది. చక్రం మాత్రం హాయిగా తిరుగుతోంది. బండి రెణ్ణెల్ల కిందటే సర్వీసింగుకి వెళ్ళొచ్చింది. రసీదు డిక్కీలోనే ఉంది. టైర్లు, బ్రేకులు అన్నచోట అందంగా టిక్కులు పెట్టి ఉన్నాయి. బండిని అక్కడ వదిలిపెట్టి, మళ్ళీ వెళ్ళి తెచ్చింది మా అబ్బాయి. "టైరు మార్పిద్దామనే అనుకుంటున్నానమ్మా, తీరిక దొరకలేదు" అన్నాడు.

ఆ పూట మా హాల్లో ఎవ్వరూ "మగాళ్ళకి టైరు చూడ్డం చేతకాదు" అనలేదు సుమండీ!

నేను ఆ రోజంతా ఆలోచించాను. టైరు అరిగిందని మా కోడలికెందుకు తెలీలేదు? రోజూ ఎక్కేది అదే కదా? తెలియకపోడానికి కారణం చాలా సాదా. దానికెవరూ చెప్పలేదు. మా అబ్బాయి దానికి బండి నేర్పుతున్నప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. "ఇది తిప్పితే పోతుంది. ఇవి నొక్కితే ఆగుతుంది. బ్యాలెన్సు చూసుకో." అక్కడితో చదువు పూర్తయింది. విచిత్రమేమిటంటే, 1991లో మా వారు సెకండ్ హ్యాండు కైనెటిక్ హోండామీద నాకు నేర్పినప్పుడూ ఇవే మూడు ముక్కలు. ఇన్నేళ్ళలో లోకం ఎంతో మారింది గానీ ఆడదానికి బండి నేర్పే పాఠంలో నాలుగో ముక్క మాత్రం చేరలేదు. తాళంచెవి చేతిలో పెట్టడమే పెద్ద ఉదారం. ఇక తెలివి కూడా ఇవ్వాలంటే ఎలా?

అప్పటి మగవాళ్ళకి తెలివుండేది, ఒప్పుకోవాలి. ఉండక చచ్చేది కాదు. మా వారి చేతక్ స్కూటరు ఆయనకి ఆ చదువు కొట్టి నేర్పింది. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. పొద్దున్నే బండిని పక్కకి ఒరిపి, తర్వాత కిక్కులమీద కిక్కులు కొట్టాలి. దారిలో ఆగిపోతే ప్లగ్గు ఊడదీసి గరుకు కాయితంతో రుద్దాలి. వెనక స్టెప్నీ ఉండేది కనక పంక్చరయితే రోడ్డు పక్కనే చక్రం మార్చాలి. చేతులు నల్లగా చేసుకుని ఆఫీసుకి వెళ్ళిన రోజులు ఎన్నో. బండి మాటిమాటికీ మొరాయించేది కనక మనిషికి దాని వంటిమీద దృష్టి ఉండేది.

ఇప్పటి బండ్లు అలా మొరాయించవు. బొత్తాం నొక్కితే లేస్తాయి. దాంతో జరిగిందేమిటంటే, మగవాళ్ళు కూడా మర్చిపోయారు. మా అబ్బాయి ప్లగ్గు ఏ పక్కనుంటుందో కూడా చెప్పలేడు. ఇక్కడే ఉంది అసలు మోసం. "ఆయన చూసుకుంటారు" అని మనం నిశ్చింతగా ఉన్నాం. ఆయనేమో "సర్వీసింగువాళ్ళు చూసుకుంటారు" అని నిశ్చింతగా ఉన్నారు. సర్వీసింగువాళ్ళు టిక్కు పెట్టి, బండి కడిగి, మెరుగు పట్టించి పంపిస్తున్నారు. ఇంతమంది చూసుకుంటున్న బండి గుండు టైరుతో వానలోకి వెళ్తోంది, మన పిల్లాణ్ణి ముందు నిలబెట్టుకుని.

మా మరిదికి ఇంకో మాట కూడా ఊతపదం. గేర్లు లేని స్కూటరుని చూస్తే చాలు, "ఆడవాళ్ళ బండి" అంటాడు. అనడంలో ఓ వెటకారం. ఆ మాటకి కాస్త జవాబు చెప్పుకోనివ్వండి. ఇవాళ మనం ఎక్కుతున్న స్కూటరు రూపం 1946లో ఇటలీలో వచ్చిన వెస్పాది. దాన్ని తయారుచేసిన పియాజియో కంపెనీ అంతకుముందు విమానాలు చేసేది. రూపం గీసిన కొర్రాదీనో దస్కానియో అన్నాయన విమానాల ఇంజనీరు. ఆయనకి మోటారు సైకిలంటే గిట్టేది కాదట. కాలు ఎగరేసి ఎక్కాలి, చెయినునించి నూనె చింది బట్టలు పాడవుతాయి, టైరు పంక్చరైతే మార్చడం నరకం. అందుకని కాళ్ళు కిందికి పెట్టుకుని కుర్చీలో కూచున్నట్టు కూచునేలా, ఇంజను కప్పేసి, చక్రాన్ని విమానం చక్రంలాగా ఒకవైపే బిగించి, సులువుగా ఊడదీసేలా గీశాడు. మన దేశంలో బజాజ్ వాళ్ళు 1960ల్లో ఆ వెస్పానే లైసెన్సుమీద తయారుచేశారు. 1972లో వచ్చిన చేతక్ దాని పోలికే. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా, గేర్లూ కిక్కుల గొడవా లేకుండా చేసింది. అంటే అయ్యా మరిదీ, చీర కట్టుకున్నవాళ్ళు సుఖంగా కూచోడం ఎంత ఈ బండి పుట్టుకలో ఉందో, టైరు చేజేతులా మార్చుకోడం కూడా అంతే ఉంది. మొదటిది మాకిచ్చి, రెండోది మీరు అట్టేపెట్టుకున్నారు. పోనీ అట్టేపెట్టుకున్నదాన్నయినా వాడారా!

ఇంతకీ ఆ తెలివి అంత బ్రహ్మవిద్యా? కాదు. నేను 60 దాటాక మెకానిక్కు బల్లమీద నాలుగు పూటలు కూచుని నేర్చుకున్నాను. కుట్టుమిషనుకి నూనె వేసి, బెల్టు బిగించి, టెన్షను సరిచేసిన చేతులు మనవి. దీనికంటే అదే కష్టం.

టైరు సంగతే చూడండి. టైరుమీద గాడులెందుకున్నాయి? అందానికి కాదు. తడిరోడ్డుమీద నీళ్ళు ఆ గాడుల్లోంచి పక్కకి పోతేనే రబ్బరు రోడ్డుని పట్టుకుంటుంది. గాడులు అరిగిపోతే టైరుకీ రోడ్డుకీ మధ్య నీటిపొర నిలుస్తుంది. సబ్బునీళ్ళమీద కాలుపెట్టినట్టే. అందులోనూ చాన్నాళ్ళకి పడిన తొలి తుంపర మరీ ప్రమాదం. రోడ్డుమీద దుమ్మూ, కారిన ఆయిలూ తడిసి జిగటవుతాయి, ఇంకా కొట్టుకుపోవు. జోరువానలో భయంగా నడిపే మనం తుంపరలో ధీమాగా నడుపుతాం. మా కోడలు పడింది తుంపరలోనే.

ఎంత అరిగితే మార్చాలో టైరే చెప్తుంది. గాడి లోపల అక్కడక్కడ అడ్డంగా చిన్న దిమ్మ ఉంటుంది. టైరు పక్కగోడమీద టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలో, చిన్న త్రికోణమో ఉన్నచోట వెతికితే దొరుకుతుంది. రబ్బరు అరిగి ఆ దిమ్మతో సమానమైందా, ఆ టైరుకి నూకలు చెల్లినట్టే. ఇంకో సంగతి విన్నప్పుడు నేను ముక్కుమీద వేలేసుకున్నాను. టైరుకి పుట్టినతేదీ కూడా ఉంటుంది! పక్కగోడమీద నాలుగంకెలు కలిసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఎండలో నిలిపి తక్కువగా తిప్పే బండికి గాడులు బాగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం గట్టిపడి పగుళ్ళిస్తుంది. పాలప్యాకెట్టుమీద తేదీ చూడకుండా కొనని మనం దీన్ని చూడ్డానికి ఏం?

గాలి లెక్క ఇంకా తేలిక. చాలా బండ్లకి ముందు 22, వెనక 29, వెనకాల మనిషి కూచుంటే 36 దాకా ఉంటుంది. మీ బండి లెక్క బండితో ఇచ్చిన పుస్తకంలోనో, బండిమీదే అతికించిన స్టిక్కరుమీదో రాసి ఉంటుంది. ఆ పుస్తకం ఎక్కడుందో ఈ పూటే వెతకండి. మా ఇంట్లో అది పాత పెళ్ళి శుభలేఖల మధ్య దొరికింది, ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా. గాలి వారానికోసారి చూపించాలి. బండి చల్లగా ఉన్నప్పుడు చూపించాలి.

మనం మాత్రం బండి కొన్నరోజు దుర్గ గుడికి తీసుకెళ్ళి పూజ చేయిస్తాం. పసుపు, కుంకుమ, పూలదండ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. నేనూ చేయించాను, మళ్ళీ కొన్నా చేయిస్తాను. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ రోజు నిమ్మకాయ పెట్టడానికి వంగి చక్రాన్ని చూసిన మనిషి, మళ్ళీ ఆ చక్రం వంక వంగి చూడకపోతే ఎలా? ఆ తల్లి కాపాడుతుంది, నిజమే. గాలి కూడా ఆవిడే కొట్టాలా?

ఇక బ్రేకులు. ఆడపిల్లలకి బండి నేర్పేటప్పుడు మగవాళ్ళు పెట్టే మొదటి భయం, "ముందు బ్రేకు పట్టకు, బోర్లాపడతావ్" అని. ఈ ఒక్క మాట ఎంతమంది కొంప ముంచిందో! బ్రేకు పట్టగానే బరువంతా ముందుకి ఒరుగుతుంది. బస్సు ఆగినప్పుడు మనం ముందుకి తూలమూ, అలాగే. అప్పుడు రోడ్డుని గట్టిగా అదిమిపట్టేది ముందు చక్రమే, వెనకది తేలికైపోతుంది. ఒక్క వెనక బ్రేకే గట్టిగా తొక్కితే తేలికైన ఆ చక్రం బిగుసుకుని జారుతుంది. బండి నిటారుగా ఉన్నప్పుడు రెండు లీవర్లూ కలిపి, నిమ్మకాయ పిండినట్టు నెమ్మదిగా బిగించుకుంటూ పోవాలి. మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి గానీ మలుపులో, బండి ఒరిగి ఉండగా, చటుక్కున పట్టకూడదు. 2019 ఏప్రిల్ నించి అమ్మే చిన్న బండ్లన్నిటికీ ఒక లీవరు పడితే రెండు చక్రాలకీ బ్రేకు పడే ఏర్పాటు ఉండాలని నియమం పెట్టారు. 125 సి.సి. పైబడిన బండ్లకి ఇంకా పెద్ద ఏర్పాటు, ఏబీఎస్. మంచిదే. కానీ వైరు వదులైతే ఏ ఏర్పాటూ పనిచెయ్యదు. లీవరు కొస ఒకటి రెండు సెంటీమీటర్లు వదులుగా కదిలి, ఆ తర్వాత పట్టాలి. అంతకంటే లోపలికి పోతోందంటే బిగించమనే లెక్క. బండి తీసేముందు రెండు లీవర్లూ ఓసారి నొక్కి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? పులుసులో ఉప్పు చూసినంతసేపు.

ఇంకొక్కటి చెప్పి ఈ యంత్రాల గొడవ ముగిస్తాను. బండి ఆన్‌లో ఉంచి, పిల్లాణ్ణి ముందు నిలబెట్టి, కూరలవాడితో బేరమాడకండి. గేర్లు లేని బండికి పిల్లాడి చిట్టిచెయ్యి రైజు తిప్పితే చాలు. మా పక్కవీధిలో ఒక బండి అలాగే కొబ్బరిబోండాల గుట్టలోకి దూకింది. పిల్లాడికేమీ కాలేదు గానీ తల్లికి వారంపాటు నిద్రలేదు. ఆగగానే తాళం తీసెయ్యడం అలవాటు చేసుకోవాలి. ఇప్పుడొచ్చే కరెంటు స్కూటర్లకి ఇది మరీ అవసరం. ఆన్‌లో ఉందో లేదో చప్పుడుతో తెలీదు. వాటికి ఇంజనాయిలు లేదు గానీ టైర్లూ బ్రేకులూ మామూలు బండివే, మర్చిపోకండి.

ఇప్పటిదాకా నడిపేవాళ్ళ గురించి. వెనక కూచునేవాళ్ళ మాటేమిటి? నా జీవితంలో సగం స్కూటరు వెనక ఒకవైపుకి కూచునే గడిచింది. చేతక్‌కి ఇంజను కుడిపక్కన ఉండేది. "కుడివైపు ఇంజను బరువు, ఎడమవైపు ఆవిడ బరువు, తూకం సరిపోయింది" అని మా వారి స్నేహితుల హాస్యం. నేనూ నవ్వేదాన్ని. ముందు పెద్దాడు నిలబడి, నా ఒళ్ళో చిన్నాడు, నా చేతిలో సంచీ. పట్టుకోడానికి నాకు మిగిలింది ఆయన చొక్కా. "అప్పుడు మేమంతా అలా తిరగలేదూ? ఏమయిందీ?" అని మా ఈడువాళ్ళు ఇప్పుడు కోడళ్ళకి చెప్తుంటారు. ఏమీ కానివాళ్ళమే కదమ్మా, మనం ఇక్కడ కూచుని చెప్తున్నాం! అయినవాళ్ళు వచ్చి చెప్పరు.

లెక్కలు కావాలంటే కేంద్ర రవాణా శాఖ వేసిన 2022 లెక్కలున్నాయి. ఆ ఒక్క ఏడూ హెల్మెట్టు లేక రోడ్డుమీద పోయినవాళ్ళు మన దేశంలో 50,029 మంది. అందులో 14,337 మంది బండి నడుపుతున్నవాళ్ళు కాదు, వెనక కూచున్నవాళ్ళు. ఆ అంకె చదివిన రోజు నేను వీధిలోకి వచ్చి నిలబడ్డాను. మన వీధుల దృశ్యం మీకు తెలియందేముంది? ముందు ఆయన నెత్తిన హెల్మెట్టు, కింద బకిలు పెట్టుకుని దర్జాగా ఉంటారు. వెనక ఆవిడ నెత్తిన కనకాంబరాలు. జరిమానా రాసే పోలీసు ముందువైపునించి చూస్తాడని కాబోలు! చట్టంలో మాత్రం తల తలకీ తేడా లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను నడిపేవారికీ వెనక కూచునేవారికీ ఒకే మాట చెప్తుంది. 2019 సవరణతో నాలుగేళ్ళు దాటిన పిల్లలకి కూడా హెల్మెట్టు ఉండాలన్నారు. నాలుగేళ్ళ లోపు పిల్లలకయితే నడిపేవాళ్ళకి కట్టే బెల్టు, చిన్న హెల్మెట్టు ఉండాలనీ, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదనీ 2022లో నియమం రాశారు. మా మనవడు నిలబడింది ముందు. వాడి తలమీద బడివాళ్ళిచ్చిన టోపీ ఉంది.

చీరకొంగుల గురించి కూడా చట్టం ఆలోచించిందంటే నమ్ముతారా? 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది చదివించుకున్నాను. వెనక కూచున్నవాళ్ళు పట్టుకోడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకోడానికి చోటుండాలి, బట్టలు చుట్టుకోకుండా వెనక చక్రం సగానికి తక్కువకాకుండా కప్పి ఉండాలి. ఎవరో పుణ్యాత్ముడు మన కొంగులూ చున్నీలూ తలుచుకుని రాసిన నియమం అది. కంపెనీవాళ్ళు బిగించి పంపిస్తే, కొత్త మోటారు సైకిలు కొన్న కుర్రాడు మొదటివారంలోనే ఆ చీర గార్డు ఊడదీయిస్తాడు. లుక్కు పోతుందట! తర్వాత అదే బండిమీద అమ్మని గుడికి తీసుకెళ్తాడు. అమ్మ కూడా "ఊడదీశావేంరా?" అని అడగదు. ఎక్కి కూచుంటుంది. కొంగు నడుముకి దోపుకుంటే దోపుకుంటుంది, లేకపోతే లేదు.

ఇక్కడ మనవైపు తప్పు కూడా చెప్పుకోవాలి. హెల్మెట్టు అనగానే మన దగ్గర కారణాల చిట్టా సిద్ధం. జుట్టు రాలుతుంది, చెమట పడుతుంది, ముడి నలుగుతుంది, పూలు వాడతాయి, పక్క సందుకే కదా. పక్క సందు అనే మాట మా కోడలూ అనేది. బడి మా ఇంటికి ముప్పావు కిలోమీటరు. జుట్టు విషయంలో నేనూ తక్కువదాన్ని కాను. హెల్మెట్టు కింద పల్చటి నూలుగుడ్డ కట్టుకుంటే చెమట దానికంటుకుంటుంది. ఉతికేసుకోవచ్చు. పూలు దిగాక పెట్టుకోవచ్చు. నేను అలాగే చేస్తున్నాను. పేరంటంలో గుమ్మం బయట నిలబడి పూలు తురుముకుంటుంటే కొందరు వింతగా చూస్తారు. చూడనీండి. ఇంకోటి, రోడ్డు పక్కన గుట్టపోసి అమ్మే చవక టోపీలు కొనకండి. ఐ.ఎస్.ఐ. గుర్తు లేనివి అమ్మకూడదని 2021 జూన్ నించి నియమం. కింద బకిలు బిగించని హెల్మెట్టు మనకంటే ముందే ఎగిరిపోతుంది.

ఇంతా విని మా మరిది, "అయితే వదినా, ఇక ఆడవాళ్ళంతా స్పానర్లు పట్టుకుని రోడ్డుమీద కూచోవాలంటావ్" అన్నాడు. కాదు నాయనా. కుక్కరు వాల్వు మేమే తయారుచేసుకుంటున్నామా? బజార్లోనే కొనుక్కుంటున్నాం. ఎప్పుడు మార్చాలో మాకు తెలుసు, అంతే. మెకానిక్కు పని మెకానిక్కే చేస్తాడు. ఏం పని చెయ్యాలో చెప్పడానికి, చేశాక చేశాడా లేదా అని చూడ్డానికి, మార్చిన పాత వస్తువు చూపించమని అడగడానికి తెలివి కావాలి. బంగారం తూకం దగ్గర కన్నార్పని ఆడదానికి ఇదొక లెక్కా? సర్వీసింగుకి బండి ఇచ్చేటప్పుడు మనమే వెళ్ళాలి. తెచ్చుకునేటప్పుడూ మనమే వెళ్ళాలి. ఎవరు నడిపితే వాళ్ళు! కౌంటరు దగ్గర కుర్రాడు "సార్ రాలేదా?" అంటాడు. అననివ్వండి.

మా కోడలికి కట్టు విప్పడానికి నెలన్నర పట్టింది. మళ్ళీ బండి ముట్టుకోనంది. దాని భయం చూసి నాకు భయమేసింది. ఈసారి వదిలేస్తే ఇక జన్మలో ఎక్కదు. ఉద్యోగానికి ఆటోల్లో పడి తిరుగుతుంది, మా మరిది మాట గెలుస్తుంది. "అమ్మాయ్, నడపొద్దులే. వచ్చి ఊరికే చూడు" అని మెకానిక్కు బల్ల దగ్గరికి లాక్కెళ్ళాను. కొత్త టైరు వేస్తుంటే పక్కన కూచుంది. పాత టైరు తన చేత్తోనే తడిమింది. చాలాసేపు తడిమింది. "అత్తయ్యా, అయితే నాకు నడపడం రాక కాదా?" అంది. నేనేం మాట్లాడలేదు. మెకానిక్కు మాత్రం, "టైరు ఇట్టా ఉంటే నేనైనా పడతానమ్మా" అన్నాడు.

కిందటి ఆదివారం మేమిద్దరం బంకుకి వెళ్ళాం. వెనక నేను, పాత అలవాటు మాని రెండు పక్కలా కాళ్ళేసి, నెత్తిన హెల్మెట్టుతో. గాలి పట్టే కుర్రాడు పైపు తీసుకుని వచ్చి, "ఎంత పెట్టమంటారమ్మా? సారుకి ఫోన్ చేసి అడగండి" అన్నాడు.

"ముందు 22, వెనక 36. వెనక మా అత్తగారు కూచుంటారు" అంది మా కోడలు, మీటరు వైపు వంగి చూస్తూ.